పెళ్లిలో ఇచ్చిన సంచి, నాయనమ్మ పాత చీర, మేకు కొట్టకూడని గోడ: 500 రూపాయల్లో ఏం చేయవచ్చు?

పొద్దుతిరుగుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. హాస్టల్లో ఒక గదిలో నలుగురం ఉంటాము. నాకు రెండు విషయాల్లో సలహా కావాలి.

మొదటిది నా సంచి. మా బంధువుల ఇంట పెళ్లికి వెళ్లినప్పుడు తాంబూలంతో పాటు మందపాటి కాన్వాసు సంచి ఒకటి ఇచ్చారు. పుస్తకాలకు కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది, కుట్లు కూడా గట్టిగా ఉన్నాయి. అయితే దాని మీద వధూవరుల పేర్లు, పెళ్లి తేదీ పెద్ద ఎర్ర అక్షరాలతో అచ్చు వేసి ఉన్నాయి. రోజూ కాలేజీకి వేసుకెళ్తుంటే చూసినవారందరూ ఆ పేర్లు చదివి ఎవరని అడుగుతున్నారు. అక్షరాల మీద పొద్దుతిరుగుడు పువ్వు వేద్దామని ఫ్యాబ్రిక్ పెయింట్ కొని, ఒక ఆదివారమంతా కూర్చుని వేశాను. రెండు పూతలు వేసినా పసుపు రంగు కింది నుంచి ఎర్ర అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. రెండు వారాల తరువాత ఉతికితే ఆ రంగు కూడా సగం పెచ్చులుగా లేచిపోయింది.

రెండవది గోడ. నా మంచం పక్కన దాదాపు నాలుగడుగుల ఖాళీ గోడ ఉంది. మేకులు కొట్టకూడదు, టేపు అంటించి పెయింటు ఊడితే డిపాజిట్‌లో కోసుకుంటారు. గోడకు ఆనుకుని నా ఇనుప బీరువా, మంచం తలవైపు కిటికీ, దానికి ఒక కర్టెన్ రాడ్డు ఉన్నాయి. సాయంత్రం గదికి వచ్చి కూర్చుంటే ఆ గోడ ఆసుపత్రి గోడలా అనిపిస్తున్నది.

నా దగ్గర నాయనమ్మ కట్టుకున్న మంగళగిరి నూలు చీర ఒకటి ఉంది. ఆమె పోయి ఏడాదిన్నర అయింది. కుచ్చిళ్ల దగ్గర బట్ట పూర్తిగా నలిగి రెండు మూడు చోట్ల చిరిగింది కానీ జరీ అంచు, పైటచెంగు చెక్కు చెదరలేదు. దానితో ఏదైనా చేసుకోవాలని ఉంది, కత్తెర పెట్టడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. నాకు గుండీ కుట్టడం, హెమ్మింగ్ చేయడం వచ్చు. మిషను లేదు. ఇస్త్రీ పెట్టె హాస్టల్లో అందరికీ కలిపి ఒకటి ఉంది. 500 రూపాయలకు మించి పెట్టలేను. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.


కుట్టుమిషను (తెనాలి)

అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ముందు చీర సంగతి చెప్తాను, ఎందుకంటే రంగు పోతే మళ్లీ వేసుకోవచ్చు కానీ ఆ చీర మళ్లీ దొరకదు.

కత్తెర పట్టుకునే ముందు చీరను చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరవేయి. ఆరిన తరువాత పగటిపూట కిటికీకి అడ్డంగా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మూర మూర చొప్పున జరుపుకుంటూ చూడు. బట్ట ఎక్కడ బలహీనపడిందో అక్కడ వెలుతురు ఎక్కువగా దూరుతుంది, పోగులు విడివిడిగా కనిపిస్తాయి. అటువంటి చోట్ల చుట్టూ దర్జీ సుద్దతో గీత గీసుకో. చేత్తో తడిమితే బాగున్నట్టే అనిపించే బట్ట కూడా కుట్టిన నెలకే సూది పడిన వరుస వెంట చీలిపోవచ్చు. అది కిటికీ దగ్గరే తెలుస్తుంది.

చీర మొత్తాన్ని కోయవలసిన అవసరం నీకు లేదు. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, రెండు వైపులా అంచులు కలిపితే పదకొండు మీటర్లు. నీ సంచికి అంచు ఒకటిన్నర మీటరు చాలు. ఎలాగూ చిరిగిపోయిన కుచ్చిళ్ల భాగం నుంచే ఆ ఒకటిన్నర మీటరు, దానితో పాటు మధ్య బట్టలో గట్టిగా ఉన్న ముక్క తీసుకో. పైటచెంగును, దానికి ఆనుకున్న భాగాన్ని ముట్టుకోకు, అది గోడకు పనికి వస్తుంది. ఇలా అనుకుంటే చెయ్యి వస్తుంది. నాకు మా అత్తగారి చీర కోయవలసి వచ్చినప్పుడు కూడా చిరుగు దగ్గరే మొదలుపెట్టాను.

అంచు కోసేటప్పుడు జరీ పక్కనే కోయవద్దు. చీర మధ్య బట్ట వైపు బొటనవేలి వెడల్పు వదిలి కోసి, ఆ వదిలిన బట్టను లోపలికి మడిచి కుట్టాలి. అంచుకు బయటి వైపు మగ్గం మీద నేసినప్పటి కొస ఉంటుంది కదా, దానికి పోగులు ఊడవు, అందువల్ల అటు మడత అక్కరలేదు. ఇస్త్రీ ఎప్పుడూ తిరగవేసి, పైన ఒక పలుచని నూలుగుడ్డ పరిచి, మధ్యస్థమైన వేడితోనే చెయ్యి. ఈ రోజుల్లో వచ్చే జరీలో చాలావరకు ప్లాస్టిక్ పొర కలిసి ఉంటుంది, నేరుగా వేడి తగిలితే ముడుచుకుపోతుంది. మీ నాయనమ్మ చీర ఏ కాలానిదో నాకు తెలియదు కాబట్టి జాగ్రత్తగా ఉండడమే మేలు.

ఇక అచ్చు అక్షరాలు. ముదురు ఎరుపు మీద లేత రంగు ఎన్ని పూతలు వేసినా నిలవదు, దానికి గుడ్డ కప్పడమే మార్గం. చీర మధ్య బట్ట పలుచగా ఉంటుంది, ఒక్క పొర వేస్తే దాని కింద నుంచి కూడా అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి రెండు పొరలు వేసి, వాటి మధ్య ఏదైనా పాత తెల్ల నూలుగుడ్డ పెట్టు. మూడు పొరలు కలిపి బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా వరుసలు వేసుకుంటే ఆ ముక్క గట్టిపడుతుంది, చూడడానికీ అందంగా ఉంటుంది. మన ఇళ్లలో పాత చీరలను పొరలుగా వేసి బొంతలు కుట్టుకున్న పద్ధతే ఇది. నువ్వు చేసేది అరచేతి వెడల్పు బొంత.

అది తయారయ్యాక నాలుగు వైపులా అర అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, సంచి మీద గుండుసూదులతో నిలిపి, ముందు పొడవాటి కచ్చా కుట్లు వేసుకో. తరువాత నీకు వచ్చిన హెమ్మింగ్‌తోనే చుట్టూ కుట్టు. కుట్టేటప్పుడు సంచి లోపల ఒక గట్టి అట్టగానీ పలుచని చెక్కగానీ పెట్టుకోకపోతే సూది వెనుక వైపు బట్టను కూడా పట్టేసి సంచి నోరు మూసుకుపోతుంది. కాన్వాసుకు సన్న సూది పనికిరాదు, కాస్త లావుపాటి సూది, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా తీసుకో. ఈ రెండూ ఏ మ్యాచింగ్ సెంటర్‌లోనైనా దొరుకుతాయి. అంచును సంచి నోటి చుట్టూ ఒక వరుస, అడుగుకు నాలుగు వేళ్లపైన ఒక వరుస వెయ్యి. పట్టీలకు మాత్రం వేయవద్దు, భుజానికి రాసుకుని జరీ నెలలోపే చిట్లిపోతుంది.

ఒక మాట మరిచాను. సంచిని కుట్టకముందే మళ్లీ ఒకసారి గోరువెచ్చని నీళ్లలో ఉతికి ఆరబెట్టు. కొత్త కాన్వాసు ఉతికినప్పుడల్లా కొంత ముడుచుకుంటుంది, ఎన్నో ఏళ్లు ఉతికిన చీర ముడుచుకోదు. ముందే ఉతకకపోతే తరువాత ముక్క చుట్టూ ముడతలు పడతాయి.


కృష్ణాతీరం (పెడన)

పైన అమ్మగారు చెప్పింది సరిగ్గా ఉంది. రంగు ఎందుకు ఊడిపోయిందో నేను చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో అందరూ అచ్చు పనిలో ఉన్నవారే.

కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. రంగు నూలులోకి దిగకుండా ఆ గంజి పొర మీదే ఆగుతుంది, ఉతికినప్పుడు గంజితో పాటే వెళ్లిపోతుంది. మీ విషయంలో ఇంకొక కారణం కూడా ఉంది. పెళ్లి సంచుల మీద వేసే అక్షరాల సిరా ఎండిన తరువాత ప్లాస్టిక్ తొడుగులా మారుతుంది, దాని మీద వేసిన రంగుకు పట్టు ఏమీ ఉండదు. మూడవది, మీరు ఇస్త్రీ చేసినట్టు రాయలేదు. సీసా మీద చదివే ఉంటారు, ఫ్యాబ్రిక్ పెయింట్ వేసిన తరువాత ఒక రోజంతా ఆరనిచ్చి, గుడ్డను తిరగవేసి, ఆవిరి లేకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు ఇస్త్రీ చేయాలి. ఆ తరువాత కనీసం మూడు రోజులు నీళ్లు తగలనివ్వకూడదు. వేడికి రంగులోని జిగురు పోగులను పట్టుకుంటుంది.

మీరు మళ్లీ కుంచె పట్టుకోవద్దని నా సలహా. సంచి వెనుక వైపు ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ కూరగాయలతో అచ్చు వేయండి. చేయి తిరిగినవారు గీసినంత శుభ్రంగా వస్తుంది, తప్పు జరిగే అవకాశం తక్కువ. ముదురు బెండకాయను అడ్డంగా ఒక్క వేటున కోస్తే ఐదు రేకుల పువ్వు అచ్చు దొరుకుతుంది. లేత కాయ నొక్కగానే చితికి నీరు వదులుతుంది, కూరకు పనికిరాదని పక్కన పడేసిన ముదురు కాయే దీనికి మంచిది. బంగాళదుంపను సగానికి కోసి, మీకు కావలసిన ఆకునో మామిడి పిందెనో పెన్సిలుతో గీసి, చుట్టూ ఉన్న భాగాన్ని పావు అంగుళం లోతు తీసివేస్తే అదే చెక్క అచ్చులా పని చేస్తుంది. కోసిన ముఖాన్ని గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. దుంపలోని నీరు రంగులో కలిస్తే అంచులు పాకిపోతాయి.

రంగులో అచ్చును నేరుగా ముంచకండి. మా దగ్గర రంగు తొట్టిలో మెత్త వేసి, అది రంగు పీల్చుకున్న తరువాత అచ్చును దాని మీద అద్దుతారు. మీరు ఒక పళ్లెంలో పాత్రలు తోమే కొత్త స్పాంజి పెట్టి, దాని మీద రంగు పరిచి అద్దుకోండి. అచ్చు బల్ల మీద కూడా గోనె, గుడ్డ పొరలు పొరలుగా పరుస్తారు, కింద మెత్తగా ఉంటేనే అచ్చు అన్ని వైపులా సమంగా దిగుతుంది. మీకు నాలుగు మడతలు వేసిన దుప్పటి చాలు. సంచి లోపల అట్ట పెట్టడం మాత్రం మరువవద్దు, లేకపోతే రంగు ముందు వైపుకు దిగుతుంది. చెక్క అచ్చు పెట్టినప్పుడు మా నాన్న దాని వీపు మీద పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. దుంపకు ఆ దెబ్బ వద్దు, అరచేతితో నిటారుగా నొక్కి మూడు అంకెలు లెక్కపెట్టి, పక్కకు జరపకుండా పైకి ఎత్తండి. మొదటి పది అచ్చులు పాత వార్తాపత్రిక మీద వేయండి. ఏడో ఎనిమిదో అచ్చు దగ్గరకు వచ్చేసరికి ఎంత రంగు, ఎంత బలం కావాలో మీ చేతికే తెలిసిపోతుంది.

కలంకారీలా సహజ రంగులు వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. మా పెడనలో చెక్క అచ్చులతో, శ్రీకాళహస్తిలో కలంతో వేస్తారు కానీ రెండు చోట్లా రంగు వేయడానికి ముందు గుడ్డను కరక్కాయ ద్రావణంలో తడిపి ఆరబెట్టే పని ఉంటుంది. నలుపు కోసం ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు, ఎరుపు కోసం పటిక ద్రావణంతో అచ్చు వేసి ఆ తరువాత రంగు నీళ్లలో ఉడికిస్తారు. హాస్టల్ గదిలో అది సాధ్యం కాదు. పసుపుతో, బీట్‌రూట్‌తో వేసుకోమని వీడియోల్లో చెప్పేవారి మాట నమ్మకండి. బీట్‌రూట్ రంగు గుడ్డను సరిగా పట్టుకోదు, ఉతికితే పోతుంది. పసుపు ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. రెండు చిన్న సీసాల ఫ్యాబ్రిక్ పెయింట్‌తో మీ పని అయిపోతుంది.


వెన్నెలగది

చెల్లీ, ఇంత కుట్టుపని ఎందుకు? గ్లూ గన్ ఒకటి కొంటే సంచి మీద అంచు, అద్దాలు, పూసలు అన్నీ గంటలో అంటించుకోవచ్చు. నేను మా గదిలో అద్దం చుట్టూ గవ్వలు అలాగే అంటించాను, రెండేళ్లయినా ఒక్కటీ రాలలేదు.


గవ్వల గొలుసు (దేవరకొండ)

వెన్నెలగది గారూ, గోడ అద్దానికి, పెన్నుల డబ్బాకు మీరు చెప్పింది బాగుంటుంది. సంచికి మాత్రం ఆ జిగురు పనికిరాదని నా అనుభవం. వేడితో కరిగే జిగురు వేడికే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన బండి మీద సంచి పెట్టి వెళ్తే తిరిగి వచ్చేసరికి అద్దాలు జారిపోయి ఉంటాయి. గుడ్డ మడత పడిన ప్రతిసారీ గట్టిపడిన జిగురు ఒక పక్క నుంచి లేస్తుంది కూడా. నేను ఇంటర్‌లో ఉండగా స్నేహితురాలికి పుట్టినరోజు కానుకగా అలాగే ఒక సంచి చేసి ఇచ్చాను. ఆమె ఏమీ అనలేదు కానీ మొదటి వేసవి తరువాత ఆ సంచి నాకు మళ్లీ కనిపించలేదు.

మాది లంబాడీ తండా. మా అమ్మమ్మ పేటియా (లంగా) మీద, కాంచళి (రవిక) మీద కుట్టిన అద్దాలు నలభై ఏళ్లు దాటినా అలాగే ఉన్నాయి, వాటిని పట్టుకున్నది దారం తప్ప మరొకటి కాదు. ఈ కుట్టు కష్టమని చాలామంది భయపడతారు. ఒక సాయంత్రం కూర్చుంటే వస్తుంది, నేను చెప్పినట్టు చేసి చూడండి.

రూపాయి నాణెమంత గుండ్రటి అద్దాలు లేసుల దుకాణాల్లో పొట్లాలుగా అమ్ముతారు. కొనేటప్పుడు అంచు మీద వేలి గోరుతో రాసి చూడండి, గరుకుగా ఉంటే అది దారాన్ని కోసేస్తుంది, నునుపుగా ఉన్నవే తీసుకోండి. ఎంబ్రాయిడరీ దారం లడిలో ఆరు పోగులు కలిసి ఉంటాయి, అందులో మూడు విడదీసుకోండి. అద్దాన్ని గుడ్డ మీద పెట్టి ఎడమ బొటనవేలితో అదిమి పట్టుకుని, దాని మీదుగా నిలువుగా రెండు దారాలు, అడ్డంగా రెండు దారాలు వేయండి. అడ్డ దారాలు వేసేటప్పుడు ప్రతి నిలువు దారాన్నీ సూదితో ఒకసారి చుట్టి ముందుకు వెళ్లాలి. అప్పుడు అద్దం మధ్యలో చిన్న చతురస్రం ఏర్పడుతుంది. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఆ దారాలు అంచుకు బాగా దగ్గరగా పడితే తరువాత పక్కకు లాగినప్పుడు జారి, అద్దం ఊడి వస్తుంది. చతురస్రం అద్దం వెడల్పులో మూడోవంతుకు మించకుండా, వీణ తీగలా బిగుతుగా ఉండాలి.

తరువాత సూదిని ఆ చతురస్రపు దారం కిందుగా దూర్చి బయటికి లాగండి, అద్దం పక్కనే గుడ్డలో చిన్న కుట్టు వేయండి, దారం ఉచ్చును సూది మొన కింద ఉంచి బిగించండి. మళ్లీ చతురస్రం కిందుగా, మళ్లీ గుడ్డలోకి. ఇలా చుట్టూ తిరుగుతుంటే చతురస్రం నాలుగు వైపులా సాగి గుండ్రటి కిటికీ అవుతుంది, అద్దం చుట్టూ దారపు గట్టు కట్టినట్టు నిలుస్తుంది. మొదటి అద్దానికి నాకు గంట పట్టింది, నాలుగోది పావుగంటలో అయింది.

మీ నాయనమ్మ చీర ముక్క మీద అద్దాలు గుప్పించవద్దు. పలుచని నూలు అంత బరువు మోయదు, పైగా ఆ చీర అందం దాని ఖాళీలోనే ఉంది. ముక్క నాలుగు మూలల బయట, కాన్వాసు మీద ఒక్కొక్కటి చాలు. సంచి కింది అంచున గవ్వలు కట్టాలని ఉంటే వీపు కోసి చదును చేసిన గవ్వలు అడగండి. వాటికి రెండు వైపులా తెరుపు ఉంటుంది కాబట్టి దారం తేలికగా వెళ్తుంది.


అద్దె ఇల్లు (బెంగళూరు)

గోడ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఆరేళ్లలో నాలుగు పీజీలు (పేయింగ్ గెస్ట్ గదులు) మారాను, గోడకు ఏదో అంటించినందుకు ఒక చోట డిపాజిట్ పోగొట్టుకున్నాను కూడా. అందువల్ల మొదటి మాటగా, గోడను మరిచిపోండి. అంటించే కొక్కాలు టైల్స్ మీద, గాజు మీద, బీరువా తలుపు మీద బాగా నిలుస్తాయి. డిస్టెంపర్ గోడ మీద బరువుకు పొరతో సహా ఊడి వస్తాయి, సున్నం గోడకైతే అసలు అంటవు.

మీకు ఇనుప బీరువా ఉంది, అదే మీ గోడ. చిన్న గుండ్రటి అయస్కాంతాలు పది కొనుక్కుంటే కాగితం, ఫొటో, పలుచని గుడ్డ ఏదైనా నిలుస్తుంది, చుక్క జిగురు అక్కరలేదు. ఇంట్లో పేరుకుపోయిన పాత పెళ్లి పత్రికలు తెప్పించుకోండి. అంత మందపాటి కాగితం దుకాణంలో కొంటే ఖరీదు ఎక్కువ. వాటిని మామిడాకు ఆకారంలో కత్తిరించి, కాడ దగ్గర చిల్లు పెట్టి, జనపనార దారానికి గుచ్చితే మంచి తోరణం అవుతుంది. మధ్యమధ్య బంగారు అచ్చు ఉన్న ముక్కలు పడేలా చూసుకుంటే సాయంత్రం దీపం వెలుతురుకు మెరుస్తాయి. దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని కోయకుండా విడిగా తీసి పెట్టుకోండి.

పైటచెంగును కర్టెన్ రాడ్డుకు వేలాడదీయండి. చీరకు చిల్లులు పెట్టవద్దు, క్లిప్పులు కూడా వద్దు, పాత నూలు క్లిప్పు పట్టిన చోటే చీలుతుంది. పై మడత వెనుక ఒక నాడా పట్టీ పొడవునా కుట్టి, బరువంతా నాడా మీద పడేలా దానికి ఉంగరాల్లాంటి ముడులు వేసి రాడ్డుకు ఎక్కించండి. నేరుగా ఎండ పడే కిటికీ అయితే చీర వెనుక తెల్లటి అస్తరు వేయాలి, లేకపోతే రెండు వేసవుల్లో రంగు వెలిసిపోతుంది.

ఇంకా రెండు జాగ్రత్తలు. కాగితాల పనికి మైదా జిగురు కాచుకోమని కొందరు చెబుతారు, హాస్టల్లో దానికి బొద్దింకలు వస్తాయి, అది వద్దు. గుడ్డ దగ్గర లైట్ల దండ పెట్టుకోవాలనిపిస్తే వేడెక్కని ఎల్ఈడీ దండ మాత్రమే తీసుకుని, పడుకునే ముందు ఆపివేయండి.


పొద్దుతిరుగుడు

మీ అందరికీ ధన్యవాదాలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను, మధ్యలో ఇంటర్నల్ పరీక్షలు వచ్చాయి.

తెనాలి పిన్నిగారు చెప్పినట్టే చీర ఉతికి, ఆరిన తరువాత కిటికీకి అడ్డంగా పట్టుకుని చూశాను. చూస్తుండగా కుచ్చిళ్ల భాగంలో ఒక చోట వెలుతురు దూరకుండా నల్లగా, చిటికెనవేలి గోరంత మచ్చ కనిపించింది. మరక అనుకుని తిప్పి చూస్తే అది రఫ్ఫు. ఆకుపచ్చ చీరకు ముదురు నీలం దారంతో, ఒక పోగు మీదుగా ఒక పోగు కిందుగా, జల్లెడ నేసినట్టు దగ్గర దగ్గరగా వేసి ఉంది. మా నాయనమ్మకు చివరి పదేళ్లు చూపు సరిగా ఆనేది కాదు. ఆకుపచ్చ దారం అనుకునే ఆ నీలం తీసి ఉంటుంది. చుట్టూ బట్ట నలిగిపోయింది కానీ ఆ గోరంత చోటు మాత్రం గట్టిగా ఉంది. అప్పటివరకు ఏ ముక్క కోయాలో తేల్చుకోలేకపోయిన నాకు ఆ తరువాత సందేహం కలగలేదు. రఫ్ఫు మధ్యలో వచ్చేలా చుట్టూ కొలుచుకుని కోశాను, లోపల తెల్లగుడ్డ పెట్టి బొంత కుట్టు వేసి, అక్షరాల మీద అదే కుట్టాను. బొంత కుట్టుకు కూడా నీలం దారమే వాడాను. ఇప్పుడు సంచి మీద పేర్లు ఎవరూ చదవడం లేదు, ఆ నీలం చుక్క ఏమిటని అడుగుతున్నారు.

వెనుక వైపు బెండకాయ అచ్చులు వేశాను. మా మెస్సులో వంట చేసే అమ్మను అడిగితే ముదురు కాయలు నాలుగు ఏరి పెట్టింది. పత్రిక మీద వేసిన మొదటి అచ్చులన్నీ అలికినట్టు వచ్చాయి. పెడన వారు చెప్పినట్టే ఎనిమిదో దానికి గీతలు తేటపడ్డాయి. అద్దాలు రెండే కుట్టగలిగాను, మిగిలిన రెండు మూలలకు ఈ నెలాఖరులో కుడతాను. మొదటి అద్దం చతురస్రం పెద్దదై ఊడి వచ్చింది, విప్పి మళ్లీ వేశాను.

పైటచెంగు నాడా పట్టీతో కిటికీకి ఎక్కింది, వెనుక పాత పరుపు కవరు అస్తరుగా వేశాను. బీరువా మీద తోరణం పెట్టిన తరువాత నా గదిలో ఉండే మిగిలిన ముగ్గురు కూడా తమ ఇళ్ల నుంచి పెళ్లి పత్రికలు తెప్పించుకుంటున్నారు. దారాలు, రంగులు, అద్దాలు, సూదులు, నాడా, అయస్కాంతాలు అన్నీ కలిపి నాకు 340 రూపాయలు అయ్యాయి. వన్‌టౌన్‌లో తీసుకున్నాను.

చివరిగా ఒక సందేహం. ఇన్ని రకాలు కలిసిన ఈ సంచిని ఇప్పుడు ఎలా ఉతకాలి?


కుట్టుమిషను (తెనాలి)

అమ్మా, రఫ్ఫు సంగతి చదివి నా కుట్టుపని కాసేపు ఆపేశాను. ఆ ముక్క చుట్టూ నీ హెమ్మింగ్ పోగులు వదులైతే వెంటనే బిగించుకో, ఆలస్యం చేయకు.

ఉతకడానికి మిషను వద్దు, నానబెట్టడం వద్దు. నాలుగైదు కుంకుడుకాయలు కొట్టి గోరువెచ్చని నీళ్లలో నురుగు తీసి, వడకట్టి, ఆ నీళ్లలో సంచిని రెండు నిమిషాలు చేత్తో ముంచి తీయి. మురికి పట్టేది అడుగు, పట్టీలు మాత్రమే కాబట్టి అక్కడ మెత్తటి బ్రష్షుతో రుద్దు, చీర ముక్క జోలికి వెళ్లకు. పిండకుండా లోపలి వైపు బయటికి తిప్పి, పట్టీలతో కాకుండా అడుగు పైకి వచ్చేలా తీగ మీద వేసి నీడలో ఆరబెట్టు. పట్టీలతో వేలాడదీస్తే తడి బరువుకు నోటి దగ్గర కుట్టిన అంచు సాగిపోతుంది. రెండు నెలలకు ఒకసారి ఉతికితే చాలు.

మిగిలిన చీర ముక్కలు పారేయకు. వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు వాటితో దిండు గలీబు ఎలా కుట్టాలో ఇక్కడే రాస్తాను.